కొత్త లోడును మీ డీబీ బాక్స్ మోయగలదా? లెక్క ఎలా చూసుకోవాలి?

ఇంట్లో కారు చార్జరో, ఇంకో ఏసీయో, ఇన్‌స్టంట్ గీజరో పెట్టించుకుందాం అనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న "మన బోర్డు తట్టుకుంటుందా?" అని. దీనికి సాధారణంగా రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. డీబీ బాక్స్‌లో, అంటే ఇంట్లో కరెంటును పంచే బోర్డులో, ఖాళీ స్లాటు చూపించి "చోటుంది కదా, ఇంకో ఎంసీబీ వేసేద్దాం" అంటారు కొందరు (ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే దానంతట అదే ఆగిపోయే చిన్న స్విచ్). "ఉన్న సామాన్లు కలిపితేనే మెయిన్ దాటిపోయింది, మొత్తం మార్చాల్సిందే" అంటారు మరికొందరు. మొదటి మాట వింటే ప్రమాదం. రెండో మాట వింటే చాలాసార్లు డబ్బు దండగ. ఏ లోడు ఏ వేళ నడుస్తుంది, ఎంతసేపు నడుస్తుంది, అదే సమయంలో ఇంకేమేం నడుస్తుంటాయి అన్నది ఈ ఇద్దరూ అడగలేదు. అసలు లెక్కంతా అక్కడే ఉంది.

ముందుగా కరెంటు మన దాకా వచ్చే దారి చూద్దాం. బయటి లైను నుంచి సర్వీసు వైరు, దాని తర్వాత మీటరు, మెయిన్ బ్రేకరు, లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ, బాక్స్ లోపల రాగి పట్టీ అంటే బస్‌బార్, అక్కడి నుంచి ఒక్కో ఎంసీబీ, చివరికి గోడలో వైరు, సాకెట్టు. వీటిలో ప్రతిదానికీ దాని హద్దు దానికి ఉంటుంది. "మాది 63 ఆంపియర్ల బోర్డు" అని చెప్పేవాళ్లు మెయిన్ మీద రాసిన అంకె ఒక్కటే చదివి చెబుతుంటారు. సర్వీసు వైరు 40 ఆంపియర్లకు సరిపోయేదే అయితే ఆ ఇంటి సామర్థ్యం 40 మాత్రమే. విద్యుత్ సంస్థ మీ కనెక్షన్‌కు మంజూరు చేసిన లోడు అంతకన్నా తక్కువైతే, ఒప్పందం ప్రకారం మీ హద్దు అదే. అన్నిట్లోకీ చిన్న అంకె ఏదో దాన్నే పట్టుకోవాలి.

ఆర్‌సీసీబీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చాలా బాక్సుల్లో 63 ఆంపియర్ల మెయిన్ వెనకే 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటుంది. ఇది 30 మిల్లీఆంపియర్ల లీకేజీని పసిగట్టి మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టింది. ఓవర్‌లోడు దానికి తెలియదు. దాని గుండా 55 ఆంపియర్లు పోతున్నా అది ట్రిప్ అవదు, అంటే కరెంటు ఆపదు, లోపల వేడెక్కుతుందంతే. కొత్త లోడు కలిపేటప్పుడు ఎక్కువమంది మర్చిపోయే భాగం ఇదే.

ఒక ఇంటి లెక్క

230 వోల్టుల సింగిల్ ఫేజు, 63 ఆంపియర్ల మెయిన్, దానికి తగ్గ ఆర్‌సీసీబీ, సర్వీసు వైరు ఉన్న ఇల్లు ఒకటి అనుకుందాం. 63ను 230తో గుణిస్తే దాదాపు 14.5 కిలోవాట్లు. ఇంట్లో ఉన్నవి: ఒక్కోటి 1.6 కిలోవాట్లు లాగే ఏసీలు రెండు, 2 కిలోవాట్ల గీజర్లు రెండు, 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్, 1.2 కిలోవాట్ల మైక్రోవేవ్, నీళ్లు వేడిచేసుకునే వాషింగ్ మెషీన్ 2 కిలోవాట్లు, 1.1 కిలోవాట్లు తీసుకునే నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టె ఒక కిలోవాటు, ఫ్రిజ్ 0.2, లైట్లూ ఫ్యాన్లూ టీవీ అన్నీ కలిపి 0.8. మొత్తం కూడితే 15.5 కిలోవాట్లు, అంటే 67 ఆంపియర్లు. కొత్తగా ఏమీ పెట్టకముందే మెయిన్ దాటిపోయింది. అయినా ఆ ఇంట్లో మెయిన్ ఎప్పుడూ పడిపోలేదు, అంటే ట్రిప్ అవలేదు.

కారణం సులభమే. పొద్దున రెండు గీజర్లు, స్టవ్, మోటారు, ఫ్రిజ్, కొన్ని లైట్లు ఒకేసారి నడిస్తే 7.8 కిలోవాట్లు, అంటే 34 ఆంపియర్లు. సాయంత్రం రెండు ఏసీలు, స్టవ్, ఫ్రిజ్, లైట్లూ టీవీ కలిపి 6.2 కిలోవాట్లు, 27 ఆంపియర్లు. రాత్రి అందరూ పడుకున్నాక ఏసీలు, ఫ్రిజ్, రెండు మూడు ఫ్యాన్లు కలిపి 3.7 కిలోవాట్లు, 16 ఆంపియర్లు. అన్నీ కలిపి నడిచే క్షణం ఆ ఇంట్లో రాదు. ఎంసీబీల మీది అంకెలన్నీ కూడితే మెయిన్ కన్నా రెండు మూడు రెట్లు వస్తుంది, అది తప్పేమీ కాదు. ఒక్కో ఎంసీబీ దాని వైరుకు కాపలా, మొత్తానికి మెయిన్ కాపలా.

ఇప్పుడు 7.4 కిలోవాట్ల కారు చార్జరు తెద్దాం. అది 32 ఆంపియర్లు తీసుకుంటుంది. రాత్రి 16కు 32 కలిస్తే 48. సాయంత్రం 27కు కలిస్తే 59. పొద్దున 34కు కలిస్తే 66.

ఇక్కడ వ్యవధి సంగతి చూడాలి. గీజరు పావుగంటో అరగంటో నడిచి ఆగిపోతుంది. చార్జరు మాత్రం గంటల తరబడి అదే కరెంటు లాగుతూ ఉంటుంది, మధ్యలో ఏ వైరుకూ చల్లబడే అవకాశం ఇవ్వదు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ మూడు గంటలు లేదా అంతకన్నా ఎక్కువసేపు గరిష్ఠ స్థాయిలో నడిచే లోడును వేరే తరగతిగా చూస్తుంది. అలాంటి లోడుకు 125 శాతం లెక్కగట్టాలి, అంటే మామూలు బ్రేకరు మీద దాని అంకెలో 80 శాతం మించి పెట్టకూడదు. ఆ కోడ్ వర్తించని చోట కూడా ఈ లెక్క పాటించడమే మంచిదని నా నమ్మకం. 63లో 80 శాతం అంటే 50. రాత్రి 48 అందులో ఇముడుతుంది. సాయంత్రం, పొద్దున ఇమడదు.

అదే ఇంట్లో 16 ఆంపియర్ల చార్జరు పెడితే? రాత్రి 32, సాయంత్రం 43, పొద్దున 50. అన్ని వేళలా ఇమిడిపోయింది. ఎనిమిది గంటల్లో అది దాదాపు 29 యూనిట్లు లాగుతుంది. చార్జింగ్‌లో పోయేది పోగా బ్యాటరీలోకి 25 యూనిట్లు చేరాయనుకున్నా, యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడిచే కారుకు అది 150 కిలోమీటర్లు. రోజూ అంత దూరం తిరిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? పెద్ద చార్జరు కొని, దానికోసం మెయిన్, సర్వీసు వైరు, మంజూరు లోడు అన్నీ పెంచుకునే ముందు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలా ఇళ్లలో ఆ పనే అక్కర్లేదని తేలుతుంది.

"ట్రిప్ అవలేదు" అన్నది సాక్ష్యం కాదు

పొద్దున 66 ఆంపియర్లు వచ్చిందన్నాం కదా. 63 ఆంపియర్ల మెయిన్ వెంటనే పడిపోతుందని అనుకుంటాం. పడిపోదు. ఇళ్లలో వాడే ఎంసీబీలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60898 ప్రకారం, రాసి ఉన్న అంకెకు 1.13 రెట్లు కరెంటు పోతున్నా 63 ఆంపియర్ల ఎంసీబీ గంట వరకు ట్రిప్ అవకూడదు. అంటే 71 ఆంపియర్ల దాకా అది గంటసేపు కదలకుండా ఉండాల్సిందే. 1.45 రెట్లు, అంటే 91 ఆంపియర్ల దగ్గర మాత్రం గంటలోపు తప్పకుండా ట్రిప్ కావాలి. ఈ రెండింటి మధ్య ఎప్పుడు పడుతుందో ఆ బ్రేకరును బట్టి, బాక్స్ లోపలి వేడిని బట్టి మారుతుంది. ఇది లోపమేమీ కాదు, మోటారు స్టార్టయినప్పుడు ఒక్క క్షణం కరెంటు ఎగిరితే ఇల్లంతా చీకటి కాకూడదు కాబట్టి అలా తయారు చేస్తారు. కానీ "ఆరు నెలలైంది, ఒక్కసారి కూడా పడలేదు, అంతా బాగానే ఉంది" అనేవాళ్లకు ఇది తెలియాలి. ఆ ఆరు నెలలూ వైర్ల ఇన్సులేషన్ కొంచెం కొంచెంగా ఎండిపోతూ ఉండొచ్చు.

ఇంకో వైపు, ఈ అంకెలన్నీ 30 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి. ఎండ తగిలే గోడ మీద గాలాడని బాక్సులో, పక్కపక్కనే నాలుగు ఎంసీబీలు నిండు లోడులో ఉంటే లోపలి వేడి అంతకన్నా చాలా ఎక్కువ. అప్పుడు బ్రేకరు తన అంకె కన్నా ముందే పడిపోవచ్చు. సరిగ్గా ఇక్కడే ఒక పెద్ద తప్పు జరుగుతుంది.

20 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 32ది పెట్టేయడం. దీని గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. గోడలో పైపులో వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 30 డిగ్రీల దగ్గర, దాదాపు 24 ఆంపియర్లు మోస్తుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్లను గంటసేపు వదిలేస్తుంది. 36 అంటే 24కు ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 2.25 రెట్ల వేడి, అదీ గోడ లోపల, కంటికి కనబడని చోట. చుట్టూ వేడి 40 డిగ్రీలైతే ఆ పీవీసీ వైరు సామర్థ్యం 13 శాతం తగ్గి 21 ఆంపియర్లకు దిగుతుంది. 50 డిగ్రీలైతే 17కు. లోడు కన్నా ఎంసీబీ అంకె ఎక్కువ ఉండాలి, ఎంసీబీ కన్నా వైరు సామర్థ్యం ఎక్కువ ఉండాలి. ఈ వరుస ఎక్కడా తప్పకూడదు. పెద్ద ఎంసీబీ కావాలంటే ముందు వైరు మార్చాలి.

ఎంసీబీ మీద అంకె పక్కన ఉండే బీ, సీ, డీ అక్షరాలు వేరే సంగతి. షార్ట్ సర్క్యూట్ లాంటి భారీ కరెంటుకు ఎన్ని రెట్ల దగ్గర తక్షణం ట్రిప్ కావాలో అవి చెబుతాయి: బీ అయితే 3 నుంచి 5 రెట్లు, సీ అయితే 5 నుంచి 10, డీ అయితే 10 నుంచి 20. మోటారు స్టార్టయ్యేటప్పుడే పడిపోతుంటే అక్షరం సరిపోలేదేమో చూడాలి. పావుగంట నడిచాక పడిపోతుంటే అది ఓవర్‌లోడు, లేదా వదులు కనెక్షన్ వల్ల వచ్చే వేడి. ఈ తేడా ఎలక్ట్రీషియన్‌కు చెబితే అతనికి సగం పని తగ్గుతుంది.

ఊహించకుండా కొలవడం

పైన పొద్దున, సాయంత్రం, రాత్రి అని వేసిన లెక్క అంచనాయే. అసలు అంకె మీ మీటరులోనే ఉండే అవకాశం ఉంది. చాలా డిజిటల్ మీటర్లు గరిష్ఠ డిమాండ్ అనే అంకెను దాచి ఉంచుతాయి. బటన్ నొక్కుతూ పోతే తెర మీద ఎండీ అనే గుర్తుతో, కిలోవాట్లలోనో కేవీఏలోనో కనబడుతుంది. చాలాచోట్ల బిల్లు మీద కూడా ముద్రిస్తారు. 15 నిమిషాలో 30 నిమిషాలో తీసిన సగటు అది. క్షణికమైన ఎగుడుదిగుళ్లు అందులో కనబడవు, కానీ వైరు వేడెక్కడానికి కూడా సమయం పడుతుంది కాబట్టి మన పనికి ఆ సగటే కావాలి. నెలనెలా ఆ అంకె మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ఒక్క నెల చూసి ఊరుకోకుండా, ఏసీలు బాగా నడిచే నెలలు, గీజర్లు బాగా నడిచే నెలలు రెండూ చూసి పెద్ద అంకె తీసుకోవాలి.

అమెరికా కోడ్‌లో పాత ఇళ్ల కోసం సరిగ్గా ఇలాంటి దారే ఉంది. ఏడాది మొత్తంలో నమోదైన గరిష్ఠ డిమాండ్‌ను 1.25తో గుణించి, దానికి కొత్త లోడు కలిపి, ఆ మొత్తం సర్వీసు సామర్థ్యం దాటకుండా ఉంటే చాలు. ఏడాది లెక్కలు లేకపోతే 30 రోజులపాటు రికార్డింగ్ మీటరు పెట్టి కొలిచే వీలుంది. మన ఉదాహరణకు ఆ పద్ధతి పెట్టి చూద్దాం. గరిష్ఠం 34 ఆంపియర్లు, 1.25తో గుణిస్తే 42.5. గంటల తరబడి నడిచే లోడు కాబట్టి చార్జరుకు కూడా పాతిక శాతం కలుపుదాం. 16 ఆంపియర్లది 20 అవుతుంది, మొత్తం 62.5, సరిపోయింది. 32 ఆంపియర్లది 40 అవుతుంది, మొత్తం 82.5, సరిపోలేదు. అంచనాతో వచ్చిన జవాబే వచ్చింది, కాకపోతే ఈసారి చేతిలో కొలిచిన అంకె ఉంటుంది.

మీటరులో ఆ అంకె లేకపోతే క్లాంప్ మీటరుతో ఎలక్ట్రీషియన్ కొలుస్తాడు. క్లాంప్ ఒక్క ఫేజు వైరు చుట్టూ మాత్రమే పట్టాలి. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి పడితే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకోటి రద్దు చేసి తెర మీద దాదాపు సున్నా కనబడుతుంది. ఈ పని కోసం బాక్స్ లోపలి కవరు మీరు మాత్రం విప్పవద్దు. మెయిన్ ఆపేసినా దానికి పైన వచ్చే సర్వీసు వైరు టెర్మినళ్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

కొలిచేటప్పుడే అడిగి చేయించుకోవాల్సిన పని ఇంకోటుంది. స్క్రూలన్నీ సరైన బిగువులో ఉన్నాయా, ఎక్కడైనా ఇన్సులేషన్ గోధుమ రంగుకు తిరిగిందా, ఒకే స్క్రూ కింద రెండు వైర్లు దూర్చారా అని చూడటం. ఒక వదులు కనెక్షన్ దగ్గర 0.05 ఓమ్‌ల అదనపు నిరోధం ఉందనుకోండి. 8 ఆంపియర్లు పోయినన్నాళ్లూ అక్కడ 3 వాట్ల వేడి పుడుతుంది, ఎవరికీ తెలియదు. అదే కనెక్షన్ గుండా కొత్త చార్జరు 32 ఆంపియర్లు లాగితే 51 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్‌ను ఆ స్క్రూ మీద గంటల తరబడి ఆనించి ఉంచినట్టే. ఏళ్లతరబడి ఏ ఇబ్బందీ పెట్టని బోర్డు కొత్త లోడు రాగానే కాలిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. మెయిన్ అంకె ఎంత పెద్దదైనా ఈ వేడిని ఆపలేదు, ఎందుకంటే కరెంటు హద్దులోనే ఉంది.

చార్జరు దూరంగా ఉంటే వోల్టేజీ ఎంత తగ్గుతుందో కూడా చూడాలి. 30 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి 32 ఆంపియర్లు పంపితే దాదాపు 9 వోల్టులు దారిలోనే పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 6 వోల్టులు.

మూడు ఫేజుల కనెక్షన్ ఉన్నవాళ్లు మొత్తం కిలోవాట్లు చూసి నిశ్చింతగా ఉండకూడదు. 7.4 కిలోవాట్ల చార్జరు సింగిల్ ఫేజుది అయితే ఆ భారమంతా ఒక్క ఫేజు మీదే పడుతుంది. ఏసీలు కూడా అదే ఫేజు మీద ఉంటే, మిగతా రెండు ఖాళీగా ఉన్నా అది దాటిపోతుంది. లోడ్లను పంచి వేయడంతోనే సమస్య తీరిపోయిన ఇళ్లు బోలెడు ఉంటాయి. న్యూట్రల్ బిగువు మాత్రం ఇక్కడ మరీ ముఖ్యం. అది ఊడితే తక్కువ లోడున్న ఫేజులో వోల్టేజీ ఎగిరి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి.

సోలార్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. బస్‌బార్‌కు మెయిన్ వైపు నుంచి 63, సోలార్ వైపు నుంచి 20 ఆంపియర్లు రాగలిగితే, లోపల లోడ్లు 83 దాకా లాగినా మెయిన్‌కు తెలియదు. అప్పుడు బస్‌బార్ అంకెను విడిగా చూసుకోవాలి.

లెక్క ఇమడకపోతే

బోర్డు మార్చడం చివరి దారి. మొదట లోడు వేళ మార్చగలమా అని చూడాలి. "గీజరు వేసేటప్పుడు చార్జరు ఆపేస్తాంలే" అని ఇంట్లో అనుకోవడం మీద ఆధారపడొద్దు, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మర్చిపోతారు. ఆ పని యంత్రమే చేయాలి. ఇప్పుడు చాలా కార్ చార్జర్లకు మెయిన్ వైరు చుట్టూ పెట్టే చిన్న సీటీ సెన్సార్ జోడించుకోవచ్చు. ఇంటి మొత్తం కరెంటును అది కొలుస్తూ, పొద్దున గీజర్లు ఆన్ అవగానే చార్జరును 32 నుంచి 10కో 6కో తగ్గిస్తుంది, గీజర్లు ఆగాక మళ్లీ పెంచుతుంది. మన ఉదాహరణ ఇంట్లో 32 ఆంపియర్ల చార్జరే కావాలంటే, ఈ ఏర్పాటుతో 63 మెయిన్ మీదే పెట్టించుకోవచ్చు. ఇది లేని లోడ్లకు రెండింట్లో ఒక్కటే నడిచేలా కాంటాక్టరుతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌తో, ఇంటర్‌లాక్ చేయించవచ్చు.

కొన్ని ఇళ్లకు ఇవేవీ చాలవు. బస్‌బార్ మీద కాలిన మచ్చలున్నా, ఎర్తింగ్ లేకపోయినా, పాత ఫ్యూజు బోర్డు అయినా, వైరు ఏ సైజో ఎవరికీ తెలియకపోయినా లెక్కలు పక్కనపెట్టి ముందు అవి మార్పించాలి. అలా మార్చేటప్పుడు మెయిన్ ఒక్కటే పెంచితే సర్వీసు వైరుకు ఉన్న కాపలా తీసేసినట్టవుతుంది. విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి మంజూరు లోడు, సర్వీసు వైరు, మెయిన్ మూడూ కలిపి పెంచాలి. కారు చార్జరుకైతే విడి సర్క్యూట్ వేయించి, డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లీకేజీని కూడా గుర్తించే రక్షణ ఉందో లేదో అడగాలి. టైప్ ఏ ఆర్‌సీసీబీతో పాటు చార్జరులోనే 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు ఉండాలి, లేదంటే డీసీ లీకేజీని కూడా గుర్తించే టైప్ బీ ఆర్‌సీసీబీ పెట్టాలి. ఇళ్లలో ఉండే మామూలు టైప్ ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు లీకేజీని మాత్రమే గుర్తించే) ఆర్‌సీసీబీ డీసీ లీకేజీ వల్ల మొద్దుబారి, అవసరమైనప్పుడు పనిచేయకపోవచ్చు.

పని పూర్తయ్యాక ఎలక్ట్రీషియన్‌ను వెంటనే పంపించేయకండి. కొత్త లోడు ఆన్ చేసి, ఇంట్లో మామూలుగా ఎక్కువగా నడిచేవన్నీ వేసి, గంట ఆగి, అప్పుడు మెయిన్ దగ్గర ఆంపియర్లు, ఒక్కో టెర్మినల్ దగ్గర వేడి కొలిపించండి. పక్కవాటి కన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే ఆ స్క్రూ దగ్గరే ఏదో తేడా ఉంది. ఆ రోజు వచ్చిన అంకెలు, తేదీ, ఏ ఎంసీబీ కింద ఏ వైరు ఉందో ఒక కాగితం మీద రాయించి బాక్స్ తలుపు లోపల అంటించండి. రెండేళ్ల తర్వాత ఇంకో లోడు పెట్టాలన్నప్పుడు లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.